పాత సాఫ్ట్‌వేరా, కొత్తదా?

ప్రశ్న: కర్నూలు, కడప, ప్రొద్దుటూరుల్లో మాకు ఆసుపత్రులున్నాయి. మూడింటినీ కలిపే సాఫ్ట్‌వేర్ కొనాలి. ఏళ్లుగా నడుస్తున్నది మేలా, ఏఐతో వచ్చిన కొత్తదా?

జవాబు: రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీలకు పాతదే తీసుకోండి. ఇవి ఆగితే ఓపీ ఆగుతుంది. పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు సాయంత్రం దాకా పడిగాపులు కాయాలి. ఆ కష్టం రోగులకు పెట్టకండి. అయితే ఆ సాఫ్ట్‌వేర్ 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలవాలి, రోగి ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకోవాలి. కలవనిది ఎంత చవకైనా వద్దు. డెమో చూసి సంతకం పెట్టొద్దు. నెట్ కేబుల్ పీకి, పని సాగుతోందో లేదో మీరే చూడండి. ఏఐని ముందు ఒక్క ఊళ్లో, ఎక్స్‌రే పరిశీలనలాంటి ఒక్క పనికి వాడి చూడండి, తుదిమాట డాక్టరుదే. కంపెనీని మార్చినా రోగుల రికార్డులన్నీ వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో మీకు అప్పగించాలని ఒప్పందంలో తప్పక రాయించుకోండి.