పగడాల తొట్టిలో ఇసుక పరుపు, నీటి గొట్టాల అమరిక: ముంపునేల శాస్త్ర దృష్టితో

ఇంట్లో సముద్రపు నీటి పగడాల తొట్టిని నెలకొల్పేవారి ఆలోచన ఎక్కువగా దీపాల చుట్టూ, చేపల చుట్టూ తిరుగుతుంది. అయితే జీవులను విడిచిన తరువాత మార్చడానికి దాదాపు వీలుకానివి అడుగున పరచిన ఇసుక, నీటిని తిప్పే గొట్టాలు. ముంపునేలల రసాయన శాస్త్రం, చెరువు కింది నీటిపారుదల తెలిసిన వ్యవసాయ విద్యార్థికి ఈ రెండూ కొత్త విషయాలు కావు.

నీరు నిలిచిన వరి మడిలో పైన కొద్ది మిల్లీమీటర్ల ఆక్సీకరణ పొర, దాని కింద క్షయకరణ పొర ఏర్పడతాయి. పై పొరలో అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. ఆ నైట్రేటు కింది పొరకు దిగితే వినత్రీకరణం చెంది నత్రజని వాయువుగా గాలిలో కలుస్తుంది. రైతుకు ఇది ఎరువు నష్టం. పగడాల తొట్టిలో మాత్రం ఇదే కోరదగిన చర్య. చేపల విసర్జన నుంచి పుట్టిన నైట్రేటు ఈ విధంగా బయటికి పోతుంది. మొనాకోలో జాన్ జోబేర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, అంటే ఇసుక పరుపు అడుగున నీటితో నిండిన ఖాళీ అరను వదలడం, ఈ సూత్రం మీద ఆధారపడినదే.

ఇంతవరకు చూసి, ఇసుక ఎంత లోతుగా ఉంటే అంత మేలని తలచడం తగదు. మాగాణి నేలకు, ఈ పరుపుకు ముఖ్యమైన భేదం ఇనుములో ఉంది. నేలలో నైట్రేటు అయిపోయిన తరువాత మాంగనీసు, ఇనుము ఆక్సైడులు, ఆపైన సల్ఫేటు వరుసగా క్షయకరణం చెందుతాయి. అప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడును ఇనుము కరగని సల్ఫైడుగా బంధిస్తుంది. ఇనుము తరిగిన తేలిక నేలల్లో ఈ రక్షణ లోపించడమే జపానులో వరికి వచ్చే అకియోచి రుగ్మతకు ఒక ముఖ్య కారణం. పగడపు ఇసుక కాల్షియం కార్బొనేటు. అందులో ఇనుము అత్యల్పం. పైగా సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. అంటే విషవాయువుకు కావలసిన ముడిసరుకు పుష్కలం, దాన్ని పట్టి ఉంచేది శూన్యం. లోతైన పరుపును ఏళ్ల తరువాత ఒక్కసారి కదిలిస్తే తొట్టిలోని జీవులన్నీ చనిపోయే ప్రమాదం ఉంది.

అందువల్ల లోతును మొదటే నిర్ణయించాలి. 10 సెంటీమీటర్లకు మించి వేసి ఎన్నడూ కదపకుండా ఉంచడం ఒక పద్ధతి. 3 సెంటీమీటర్లు వేసి, చెత్తను తరచుగా పీల్చి తీయడం మరొకటి. మధ్యస్థమైన లోతు ఈ రెంటి లాభాన్నీ ఇవ్వదు. ఇంటి తొట్టికి రెండవదే తగినదని ఈ రచయిత అభిప్రాయం. 120 × 45 × 50 సెంటీమీటర్ల తొట్టికి 3 సెంటీమీటర్ల పరుపు అంటే 16.2 లీటర్ల ఇసుక. స్థూల సాంద్రత 1.4గా తీసుకుంటే సుమారు 23 కిలోలు కావాలి. రేణువు పరిమాణం 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉండటం మంచిది. మరీ సన్నదైతే ప్రవాహానికి లేస్తుంది, మరీ ముతకదైతే సందుల్లో చెత్త చేరుతుంది.

అరగొనైట్ ఇసుక నీటికి కాల్షియాన్ని అందిస్తూనే ఉంటుందన్న మాట అతిశయోక్తి. ఉదజని సూచిక 8.2 ఉన్న నీటిలో అది కరగదు. సున్నపు నేలల గురించి చదివినవారికి దీన్ని వివరించనక్కరలేదు. భీమునిపట్నం తీరపు ఇసుక ఇందుకు పనికిరాదు. అందులో గార్నెట్, ఇల్మెనైట్ వంటి బరువు ఖనిజాలు ఉంటాయి. మన్నారు సింధుశాఖ వంటి చోట్ల నుంచి పగడపు రాళ్లు తేవడం నేరం. గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

ఇక గొట్టాలు. చెరువుకు తూము కంటే ముందు అలుగు సంగతి చూసినట్లే, ఇక్కడ కూడా నీరు దిగే దారిని ముందు నిర్ణయించాలి. తొట్టి అంచున ఉండే అలుగు నుంచి నీరు కింది సంపులోకి దిగుతుంది. పంపు దాన్ని తిరిగి పైకి ఎత్తుతుంది. దిగే గొట్టాలు రెండు ఉండాలి. ఒకటి వాల్వుతో సరిచేసుకునేది. రెండవది అత్యవసరానికి, దానికి వాల్వు బిగించరాదు. గొట్టాలన్నీ పీవీసీవే వాడాలి. ఇత్తడి, రాగి అమరికలు వెన్నెముక లేని జీవులకు విషం.

కరెంటు పోయినప్పుడు అసలు పరీక్ష. పంపు ఆగగానే పైకి వెళ్లే గొట్టం సైఫనుగా మారి నీటిని వెనక్కు లాగుతుంది. దాని మూతి నీటిమట్టానికి 5 సెంటీమీటర్ల కింద ఉంటే, పై కొలతల తొట్టి నుంచి 27 లీటర్లు దిగుతాయి. 75 × 35 సెంటీమీటర్ల సంపులో మట్టం 10 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. అంత ఖాళీ లేకపోతే ఉప్పునీరు ఇంటి నేల మీదకు వస్తుంది. నాన్ రిటర్న్ వాల్వును నమ్ముకోవడం మంచిది కాదు, ఉప్పు పేరుకుని అది సగం తెరుచుకుని ఉండిపోతుంది. మూతిని మట్టానికి దగ్గరగా ఉంచడమే నికరమైన ఉపాయం. మట్టానికి కాస్త దిగువన గొట్టానికి చిన్న రంధ్రం వేయడం కూడా ఉపయోగమే, కానీ నాచు పట్టి పూడుకుపోతుంది కనుక అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

అతుకులు ఒక రోజు ఆరిన తరువాత, ఇసుక వేయకముందే మంచినీటితో నింపి పంపును నడపాలి. కనీసం మూడుసార్లు స్విచ్చి ఆపి, సంపులో నీరు చేరిన ఎత్తుకు గీత పెట్టాలి. తరువాత ఆ నీటిని తీసివేసి, ముందు రాళ్లను అడుగు గాజు మీద నిలకడగా అమర్చి, వాటి చుట్టూ కడిగిన ఇసుకను పరచాలి. రాళ్లను ఇసుక మీద పెడితే, ఇసుకను తవ్వే చేపలు, రొయ్యల వల్ల అవి కూలుతాయి. ఉప్పు కలిపిన ఆర్వో నీటిని ఒక పళ్లెం మీదుగా మెల్లగా పోయాలి. సాపేక్ష సాంద్రత 1.025 ఉండాలి. ఆవిరయ్యేది నీరే కాని ఉప్పు కాదు కనుక తరుగును మంచినీటితోనే పూడ్చాలి. కొద్దిగా అమ్మోనియా చేర్చి పంపును నడుపుతూ ఉంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో సూక్ష్మజీవులు స్థిరపడతాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరాక, నైట్రేటు ఎంత ఉందో కొలిచి రాసుకుని, మొదటి జీవిని విడవాలి.