మొదట రొట్టె, పిమ్మట ప్రశ్న

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–13

కోపము, భయము మనస్సునకు సంబంధించినవే అని మనమనుకొందుము. మన తెలుగు మాటలను చూడుడి. కోపము వచ్చినవానికి ఒళ్లు మండును. భయపడినవానికి గుండె దడదడలాడును. మనస్సు గుర్తింపకమునుపే శరీరము చెప్పుచున్నది.

కర్మెలుమీద జయము పొందిన ఏలీయా, యెజెబెలు బెదరింపునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద చావు కోరుకొనెను. దేవుడు అతని గద్దింపలేదు. దూత అతని తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని, త్రాగి, మరల పండుకొనెను. రెండవమారును భోజనమే. “ఇక్కడ నీకేమి పని” అను ప్రశ్న నలువది దినముల ప్రయాణము తరువాత హోరేబులో వచ్చెను.

మేమీ పాఠమును ఆలస్యముగా నేర్చుకొంటిమి. నర్సీపట్నమునకు సమీపమున ఒక పల్లెలో, మరణము సంభవించిన ఇంట రాత్రంతయు మేల్కొని, ఏమియు తినక, ఉదయమున సంఘ కూటమునకు వచ్చితిమి. కానుకల లెక్క అడిగిన సహోదరునితో అందరి యెదుట కఠినముగా మాటలాడితిమి. అతడడిగినది న్యాయమే. మూడు ఆదివారములు చాపమీద అతని చోటు ఖాళీగా నుండెను. తుదకు అతని యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆకలి, నిద్రలేమి మా తప్పునకు సాకు కావు. అవి ఇచ్చిన హెచ్చరికను మేము లక్ష్యపెట్టలేదు.

నిర్గమకాండము 34:6లో “దీర్ఘశాంతుడు” అను మాటకు హెబ్రీలో అక్షరార్థము ‘పొడవైన ముక్కు గలవాడు’. ఆ భాషలో కోపమునకును ముక్కునకును ఒకటే మాట. కోపమున ఊపిరి పొట్టిదై బుసకొట్టును. ఊపిరిని మెల్లగా విడుచునప్పుడు వేగస్ నరము గుండె వేగమును తగ్గించునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

గనుక ఈ మాసము ఇట్లు చేయుదము:

1. దవడ బిగిసెనా, పిడికిలి ముడిచితిమా అని గమనింతుము.
2. భుజములు సడలించి, పీల్చినదానికంటె నిదానముగా ఊపిరి విడుతుము, అయిదారుమార్లు చాలును.
3. తింటిమా, నిద్రించితిమా అని అడుగుకొందుము.

ఇది అన్యాయము చూచి ఊరకుండుటకు కాదు. నెహెమ్యా మిగుల కోపించియు, మొదట తనలో తాను యోచించుకొని, పిమ్మటనే ప్రధానులను గద్దించెను (నెహెమ్యా 5:6–7). బీదల పొలములు తిరిగి వచ్చెను.

మన యింటిలో ఎవరైన విసుగుకొనిన యెడల, బుద్ధి చెప్పకమునుపు అన్నము పెట్టుదము.