సందేహాలు - సమాధానాలు: ఉద్దెర పుస్తకంలో కంపెనీ జాతకం

ప్రశ్న: మాది ధర్మసాగర్. ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతాను. బండికో, ఫోనుకో, గ్రూపు లోనుకో కిస్తీ కట్టని ఇల్లు మా ఊళ్లో కనబడటం లేదు. అప్పు పుడితేనే కదా జనం కొనేది? మరి ఇళ్ల అప్పులు పెరిగితే కంపెనీలకు ముప్పంటారేం?
- ఒక వ్యాపారి

జవాబు: అప్పు పుట్టిన ఏడాది మీరన్నదే నిజం. వచ్చే ఏడు కొనాల్సిన బండి ఈ ఏడే వాకిట్లోకి వస్తుంది. తర్వాతి సంగతికి మీ ఉద్దెర పుస్తకం తీయండి. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్ముకొచ్చిన రైతు ముందు ఎవరికి కడతాడు? గుమ్మం ముందు నిలబడ్డ ఫైనాన్స్ వాళ్లకు. మీతో మాత్రం 'సంక్రాంతి దాటనీ సేటూ' అంటాడు. అదే మాట మీరు డిస్ట్రిబ్యూటర్‌కు, ఆయన కంపెనీకి చెబుతారు. సరుకు పంపిన రోజే అమ్మకం కింద రాసుకుంటారు కాబట్టి కంపెనీ లెక్కల్లో లాభం కనిపిస్తుంది, పైసలు మాత్రం రావు. ఆ లోటు పూడ్చుకోవడానికి కంపెనీ బ్యాంకుకు పోతుంది. మీ ఊరి కిస్తీ చివరికి కంపెనీ కట్టే మిత్తి అవుతుంది.

అప్పులిచ్చే కంపెనీకైతే దెబ్బ నేరుగా తగులుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో 985 రూపాయల ధరతో షేర్ల మార్కెట్‌కు వచ్చింది. అప్పటికే ఒక్కో ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, వారం వారం వసూళ్లకు అడ్డు పడింది. 99 శాతం దాకా ఉన్న వసూళ్లు రాష్ట్రంలో 10 శాతం దగ్గరికి పడిపోయాయి. 2011-12లో ఆ కంపెనీ నష్టం దాదాపు 1,360 కోట్లు. ప్రభుత్వమే కొంప ముంచిందని అప్పట్లో ఈ సంస్థల గోల. నాకైతే ఆ 99 శాతం మీదే అనుమానం. ఒకరి కిస్తీ ఇంకొకరి అప్పుతో తీరుతున్నంత కాలం వసూళ్లు బ్రహ్మాండంగానే ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి షేర్లు కొంటున్నాడు. అప్పులున్న కంపెనీ జోలికి పోవద్దని చెప్పనా?
- రిటైర్డ్ టీచర్, ధర్మసాగర్

జవాబు: అంత మాట అనకండి సార్. ఒక లెక్క వేసి చూపించండి. 10 లక్షల అప్పు, 12 శాతం మిత్తి: ఏడాదికి 1,20,000. మిత్తికి ముందు లాభం 2 లక్షలైతే మిగిలేది 80,000. వ్యాపారం తగ్గి ఆ లాభం 1,40,000 అయిందనుకోండి, మిగిలేది 20,000. పైన తగ్గింది 30 శాతం, కింద 75 శాతం. మిత్తి ఎవరి కోసమూ ఆగదు మరి.

అప్పులతో పెరిగిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ అనే కంపెనీని చూడండి. 2011లో ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు కొన్నది. ఇక్కడ కొండపల్లిలో విస్తరించిన కరెంటు ప్లాంటుకు గ్యాస్ అందలేదు. రాబడి ఆగినా అప్పు ఆగలేదు. 2017 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ దివాలా కోర్టుకు పంపమన్న 12 పెద్ద ఖాతాల్లో అదొకటి. 2018 ఆగస్టులో ఆస్తులు అమ్మేయమని ఉత్తర్వు వచ్చింది.

వార్షిక నివేదికలో 'ఫైనాన్స్ కాస్ట్' అనే పద్దు ఉంటుంది. మిత్తికి ముందు లాభాన్ని దానితో భాగించమనండి. రెండు కూడా రాకపోతే, కొనే ముందు నాకో ఉత్తరం రాయమనండి.