అల్లూరి, కొమురం భీమ్ నిజంగా స్నేహితులేనా?



'ఆర్‌ఆర్‌ఆర్' చూసిన పిల్లలు మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగితే ఏం చెబుతారు? "అది సినిమా, వదిలెయ్" అనడం తేలికే. కానీ ఆ ఒక్క ప్రశ్నతో మంచి చరిత్ర పాఠం మొదలుపెట్టవచ్చు.

కథకు ఉన్న బలం

"ఇది నా దేశం" అనే భావన పిల్లల్లో తేదీలు బట్టీ పట్టడం వల్ల రాదు, కథల వల్ల ఎక్కువగా వస్తుంది. బంకించంద్ర ఛటర్జీ 'ఆనందమఠం' నవల 1882లో పుస్తకంగా వచ్చింది. 1770 నాటి బెంగాల్ కరువు, సన్యాసుల తిరుగుబాటు దానికి నేపథ్యం. అందులోని 'వందేమాతరం' 1905 తర్వాత స్వదేశీ ఉద్యమ నినాదమైంది, 1950లో జాతీయ గేయంగా గౌరవం పొందింది. ఒక చారిత్రక నవలలోని పాట దేశమంతటిదీ అయింది.

అయితే కథ కొన్నిటిని ఎంచుకుంటుంది, కొన్నిటిని వదిలేస్తుంది. ఆ తిరుగుబాటులో సన్యాసులతో పాటు ఫకీర్లూ పోరాడారు. నవలలో వారి పోరాటం కనిపించదు.

మన ఇద్దరు వీరులు

ఇప్పుడు 2022లో విడుదలైన మన సినిమా సంగతి చూద్దాం. 1920ల ఢిల్లీలో అల్లూరి, భీమ్ కలిసి బ్రిటిష్ వారిపై పోరాడినట్టు అందులో చూపించారు. అది కల్పన అని దర్శకుడు రాజమౌళి ముందే చెప్పారు. మరి చరిత్ర ఏం చెబుతోంది?

అల్లూరి మద్రాసు ప్రెసిడెన్సీ మన్యంలో పోరాడారు. అటవీ చట్టాలు పోడు వ్యవసాయాన్ని అడ్డుకోవడం, రోడ్డు పనుల్లో గిరిజనులతో వెట్టిచాకిరీ చేయించడం ఆ పోరాటానికి కారణాలు. సినిమాలో ఆయన ఆయుధాల కోసం పోలీసు ఉద్యోగంలో చేరతారు. నిజానికి ఆయన 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు తీసుకెళ్లారు. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు.

కొమురం భీమ్ పోరాడింది హైదరాబాద్ సంస్థానంలో, నిజాం ప్రభుత్వంతో. అడవిపై, సాగు భూమిపై గోండుల హక్కు కోసం పోరాడి 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలు అర్పించారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను నియమించింది.

ఇద్దరూ కలిసినట్టు ఆధారాలు లేవు.

తేడా ఎందుకు తెలియాలి?

వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు ప్రభుత్వాలపై జరిగిన రెండు పోరాటాలను సినిమా ఒక్క దేశభక్తి కథగా కలిపింది. ఇద్దరూ మనవాళ్లే అన్న గర్వం అలా కలిగింది. అది మంచిదే. కానీ అంతటితో ఆగితే, భీమ్ ఎదిరించింది విదేశీయులనే అని పిల్లలు అనుకుంటారు. అడవి, భూమి, పోడు అన్న మాటలు వారికి తెలియకుండా పోతాయి. ఒక గోండు కుటుంబం భీమ్‌ను ఎందుకు తలుచుకుంటుందో కూడా అర్థం కాదు. సాటి పౌరుల బాధ తెలియని దేశభక్తి చప్పట్లతోనే ఆగిపోతుంది.

ఇంట్లో ఇలా చేయండి

1. ముందు కథను ఆనందించనివ్వండి. సినిమా మధ్యలో తప్పులు ఎంచకండి.

2. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో నిజంగా జరిగింది ఏది? రచయిత కల్పించింది ఏది? కథలో కనిపించని వాళ్లు ఎవరు?

3. ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఒకవైపు "సినిమాలో", మరోవైపు "చరిత్రలో" అని రాయించండి. జవాబు దొరకని చోట ఖాళీ వదిలి, సోషల్ టీచర్‌ను అడగమనండి.

4. సెలవుల్లో వీలైతే కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధిని గానీ, జోడేఘాట్‌లో భీమ్ మ్యూజియంను గానీ చూపించండి.

కల్పన అని తెలిస్తే పిల్లల అభిమానం తగ్గిపోతుందేమో అని భయపడకండి. తుపాకుల కోసం స్టేషన్‌పైకే వెళ్లిన మనిషి కథ, తన వాళ్ల భూమి కోసం ప్రాణమిచ్చిన మనిషి కథ ఏ సినిమాకూ తీసిపోవు. ఈ వారాంతంలో ఆ రెండు కథలూ మీరే చెప్పండి.