పాఠం 9: పండ్లు, పుదీనాతో వేసవి పానీయం

9.0 ఉపోద్ఘాతం

వేసవిలో మన ఇంటికి ఎవరు వచ్చినా ముందుగా చేసే మర్యాద చల్లని పానీయం ఇవ్వడం. శ్రీరామనవమికి పానకం చేస్తాం. మామూలు రోజుల్లో మజ్జిగ, నిమ్మరసం ఇస్తాం. బెల్లం, మిరియాలు, ఏలకులు కలిపిన పానకం కూడా అనేక రుచుల మేళవింపే. ఇటువంటి మేళవింపును ఈ రోజుల్లో హోటళ్లలో కాక్‌టెయిల్ అంటున్నారు. సాధారణంగా కాక్‌టెయిల్‌లో మద్యం ఉంటుంది. మద్యం లేని దానిని మాక్‌టెయిల్ అంటారు. క్యూబా దేశంలో పుట్టిన మొహితో అనే పానీయంలో పుదీనా, నిమ్మ, చక్కెర, సోడా, రమ్ము కలుపుతారు. అందులోని రమ్మును తీసివేస్తే మిగిలేవన్నీ మన వంటింటి వస్తువులే.

ఈ పాఠంలో భిలాయి ఉక్కు నగరంలోని ఒక తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో అక్కడ ఉక్కు కర్మాగారం ఏర్పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఎందరో పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఆ ఊరు 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉంది.

అక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరే రోజులుంటాయి. ఫర్నేసు నుండి వచ్చే కరిగిన ఇనుము వేడి 1,400 డిగ్రీలకు పైనే. బయట ఎండ, లోపల సెగ. అటువంటి చోటి నుండి ఇంటికి వచ్చిన మనిషికి ఏమి ఇవ్వాలి అన్నది రుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఋతువునుబట్టి దొరికే చిన్న పండ్లను ఎంచుకోగలుగుతారు.
• పండ్ల రసం, పుదీనాతో నలుగురికి సరిపడే పానీయం తయారు చేయగలుగుతారు.
• నీరు, ఐసు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించగలుగుతారు.
• షర్బత్ ఎప్పుడు సరిపోతుందో, ఉప్పు–చక్కెర ద్రావణం ఎప్పుడు అవసరమో తేడా చెప్పగలుగుతారు.

9.2 ఒక సంభాషణ

భిలాయిలో ఒక క్వార్టరు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కొడుకు ఉదయం షిఫ్టు ముగించుకొని వచ్చే వేళయింది. అత్తాకోడళ్లు వంటింట్లో ఉన్నారు.

కోడలు: అత్తయ్యా, పవర్ హౌస్ బజారులో ఫాల్సా పళ్లు వచ్చాయి. పావు కిలో తెచ్చాను.

అత్త: అవెందుకమ్మా? ఎర్ర షర్బత్ సీసా ఉంది కదా! సందు చివర ఐసు గడ్డ తెప్పించి కలిపేస్తే సరిపోయేది.

కోడలు: ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు కదండీ. కాచిన నీళ్లతో రాత్రే ఫ్రిజ్‌లో ఐసు పెట్టాను. పళ్లరసంలో పుదీనా వేసి ఇద్దాం.

అత్త: సరే, నీ ఇష్టం. మీ మామగారు ఫర్నేసు దగ్గర పనిచేసే రోజుల్లో నేను చెంబుడు మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చేదాన్ని. "ఇది తాగాకే ప్రాణం లేచొచ్చింది" అనేవారు. మీ షర్బత్‌లో ఉప్పుంటుందా?

కోడలు ఆలోచనలో పడింది. అత్తగారు అడిగిన ప్రశ్న మంచిది. పాఠం చివరికి వచ్చేసరికి దానికి మీరే జవాబు చెప్పగలరు.

9.3 ఏ పండ్లు, ఎప్పుడు?

విదేశాల్లో ఇటువంటి పానీయాలకు స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ వంటివి వాడతారు. మన బజారులో అవి ఖరీదు. వాటి బదులు మన వాతావరణంలో పండే చిన్న పండ్లు చాలు.

• మార్చి–ఏప్రిల్: మల్బరీ. పట్టుపురుగులకు మేతగా ఆకు వేసే చెట్టు పండే ఇది. మెత్తగా, తియ్యగా ఉంటుంది.
• మే–జూన్: ఫాల్సా. బఠానీ గింజంత ఉండే ఊదారంగు పండు. పులుపు ఎక్కువ. ఉత్తర, మధ్య భారతదేశంలో బండ్లమీద అమ్ముతారు.
• జూన్–జూలై: నేరేడు. వగరు, తీపి కలిసి ఉంటాయి.

ఈ మూడు పండ్ల ఊదా, ఎరుపు రంగులకు కారణం ఆంథోసయనిన్లు అనే సహజ వర్ణకాలు. పులుపు తగిలితే ఇవి ఎర్రబడతాయి. క్షారం తగిలితే నీలం లేక ఆకుపచ్చ వైపు మారతాయి. నిమ్మరసం పిండగానే షర్బత్ రంగు తేటపడి ఎర్రగా మెరవడానికి కారణం ఇదే.

పండ్లు కొనేటప్పుడు ఒక గుప్పెడు చేతిలోకి తీసుకొని చూడండి. బూజు, పులిసిన వాసన ఉంటే వద్దనండి. ఇవి త్వరగా చెడిపోయే పండ్లు. కొన్నరోజే వాడుకోవడం మంచిది.

9.4 పుదీనా ఏమి చేస్తుంది?

పుదీనా ఆకు ఉపరితలంమీద కంటికి కనిపించనంత చిన్న గ్రంథులు ఉంటాయి. సుగంధ తైలం వాటిలో దాగి ఉంటుంది. ఆకును కొద్దిగా నలిపితే గ్రంథులు చిట్లి వాసన వస్తుంది. మెత్తగా నూరితే ఆకులోని పసరు కూడా దిగి పానీయం చేదెక్కుతుంది, రంగు నల్లబడుతుంది. కాబట్టి పుదీనాను నలపాలి, నూరరాదు.

పుదీనా జాతి తైలాలలో ఉండే మెంథాల్ వంటి పదార్థాలు నోటిలో చలిని గుర్తించే నాడులను ప్రేరేపిస్తాయి. అందువల్ల చల్లగా అనిపిస్తుంది. కాని శరీరం వేడి తగ్గదు. ఈ తేడాను బాగా గుర్తు పెట్టుకోండి. నోరు చల్లబడినంత మాత్రాన ఒళ్లు చల్లబడినట్లు కాదు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 9.1
1. పుదీనాను ఎందుకు మెత్తగా నూరరాదు?
2. నిమ్మరసం కలిపినప్పుడు ఫాల్సా రసం రంగు ఎందుకు మారుతుంది?

9.5 తయారుచేసే విధానం

కావలసినవి (నాలుగు గ్లాసులకు):
ఫాల్సా పండ్లు – పావు కిలో
కాచి చల్లార్చిన నీరు – 3 గ్లాసులు
చక్కెర – 12 చెంచాలు (టీ చెంచాతో, తలకొట్టి)
పుదీనా ఆకులు – 20
నిమ్మకాయ – అర చెక్క
నల్ల ఉప్పు – పావు చెంచా
వేయించిన జీలకర్ర పొడి – పావు చెంచా
ఇంట్లో చేసిన ఐసు ముక్కలు – కొన్ని

1. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోండి. పండ్లను, పుదీనాను విడివిడిగా మూడుసార్లు నీరు మార్చి కడగండి. పుదీనా కాడల సందుల్లో మట్టి ఉంటుంది. కట్టగా కాక, విడదీసి కడగాలి. చివరిసారి కాచి చల్లార్చిన నీటితో కడగండి.

2. పండ్లను స్టీలు లేదా గాజు గిన్నెలో వేసి, ఒక గ్లాసు నీరు పోసి, అరగంట నానబెట్టండి. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు వాడకండి. పులుపు తగిలితే వాటి లోహం పానీయంలోకి దిగుతుంది.

3. నానిన పండ్లను చేత్తో పిసకండి. మిక్సీలో వేస్తే గింజలు నలిగి రుచి చెడుతుంది. నేరేడు పండ్లయితే గింజలు ముందే తీసివేయండి.

4. కాచిన నీటిలో ఉతికిన పలుచని గుడ్డలో లేదా జల్లెడలో వడకట్టండి. మిగిలిన పిప్పిమీద ఇంకొక గ్లాసు నీరు పోసి, మళ్లీ పిసికి వడకట్టండి. మొదటిసారి రాని రసం ఇప్పుడు వస్తుంది.

5. మూడవ గ్లాసు నీటిలో చక్కెర పూర్తిగా కరిగించి రసంలో కలపండి. చల్లని రసంలో నేరుగా చక్కెర వేస్తే అడుగున మిగిలిపోతుంది.

6. పుదీనా ఆకులను అరచేతిలో వేసుకొని, రెండో చేత్తో ఒకటి రెండుసార్లు చరిచి రసంలో వేయండి. నల్ల ఉప్పు, జీలకర్ర పొడి కలపండి. పది నిమిషాలు మూతపెట్టి ఉంచండి.

7. చివరగా నిమ్మరసం పిండి, రుచి చూసి, ఐసు వేసి ఇవ్వండి.

రుచి సరిగా కుదరకపోతే తొందరపడి చక్కెర పోయకండి. పులుపు ఎక్కువైతే నీరు, చప్పగా ఉంటే చిటికెడు ఉప్పు, వాసన చాలకపోతే మరి నాలుగు పుదీనా ఆకులు సరిపోతాయి.

ఈ లెక్కన ఒక గ్లాసుకు సుమారు 12 గ్రాముల చక్కెర పడుతుంది. మామూలు తీపి కూల్‌డ్రింకు 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాములు ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి చక్కెర వేయక ముందే ఒక గ్లాసు రసం విడిగా తీసి పెట్టండి. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు మానండి.

కృత్యం 9.1: రెండు గాజు గిన్నెలలో చెంచాడు చొప్పున పండ్లరసం తీసుకోండి. ఒకదానిలో నిమ్మరసం, రెండవదానిలో చిటికెడు తినే సోడా వేయండి. రంగులు ఎలా మారాయో రాసుకోండి. ఇదే పరీక్ష అంగడిలో కొన్న ఎర్ర షర్బత్‌తో చేసి చూడండి. రంగు ఏమాత్రం మారకపోతే ఆ ఎరుపు ఇటువంటి పండ్ల నుండి వచ్చినది కాదని అనుమానించవచ్చు. పరీక్షకు వాడిన ద్రవాన్ని పారబోయండి.

9.6 నీరు, ఐసు

పానీయంలో ఎక్కువ భాగం నీరే. మిగతావన్నీ సరిగా ఉండి, నీరు ఒక్కటి చెడితే అంతా చెడినట్లే. కలుషిత నీటి వల్ల విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. నీరు తెర్లి బుడగలు వచ్చాక ఒక నిమిషంపాటు అలాగే మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చాలి.

గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని సూక్ష్మక్రిములు చావవు. అవి ఐసులో నిద్రాణంగా ఉండి, కరిగాక మళ్లీ చురుకవుతాయి. బజారులో దొరికే ఐసు గడ్డలలో కొన్ని చేపలు, కూరగాయలు నిలవ చేయడానికి చేసినవి. ఈ రెండింటి తేడా తెలియడానికే 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని ఆదేశించింది. అయినా తెల్లగా ఉన్న ఐసంతా మంచిదని అనుకోకండి. ఏ నీటితో చేశారో తెలియని ఐసు మానడమే క్షేమం.

తయారైన పానీయాన్ని ఎండాకాలంలో బయట ఉంచితే గంటలోగా తాగాలి. ఫ్రిజ్‌లో ఉంచితే ఆ రోజే ముగించాలి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 9.2
1. ఐసులో సూక్ష్మక్రిములు ఉండవు. (తప్పు/ఒప్పు)
2. చక్కెరను ముందుగా నీటిలో ఎందుకు కరిగించాలి?

9.7 షర్బత్ ఎప్పుడు చాలదు?

ఇప్పుడు అత్తగారి ప్రశ్నకు వద్దాం. చెమటతో నీరు ఒక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. ఇంట్లో నీడన ఉన్నవారికి, బజారుకు వెళ్లి వచ్చినవారికి మనం చేసిన షర్బత్ చక్కగా సరిపోతుంది. ఎనిమిది గంటలు సెగ దగ్గర చెమటోడ్చిన మనిషికి అది ఆహ్లాదమే కాని, పోయిన ఉప్పును పూర్తిగా తిరిగి ఇవ్వదు. ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చిన అత్తగారి పద్ధతి సరైనదే. తెలియని ఐసు వద్దన్న కోడలి మాటా సరైనదే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పనికి వెళ్లేవారు తినే బోరే బాసీ కూడా మన చద్దన్నం వంటిదే. నీరు, ఉప్పు, అన్నం మూడూ ఒకేసారి అందుతాయి.

చెమట విపరీతంగా పోసి, కాళ్ల పిక్కలు పట్టేస్తున్నా, విరేచనాలు అవుతున్నా ఓఆర్ఎస్ ఇవ్వాలి. పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. అంచనాగా వేయరాదు. ఉప్పు ఎక్కువైతే, ముఖ్యంగా పసిపిల్లలకు, ప్రమాదం. తీపి పానీయాల డబ్బాలమీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడరాదని 2025 అక్టోబరులో ప్రభుత్వ సంస్థ ఆదేశించింది. పేరు చూసి కాక, పొట్లంమీది వివరాలు చదివి కొనండి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతూ ఉంటే అది వడదెబ్బ. అప్పుడు షర్బత్ కలుపుతూ కూర్చోరాదు. మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు చల్లి విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏ పానీయమూ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పానీయంలో మద్యం కలిపితే అలసట తీరుతుందని కొందరంటారు. మద్యం మూత్రాన్ని ఎక్కువ చేసి, శరీరంలో మిగిలిన నీటినీ బయటికి పంపుతుంది. ఎండలో పనిచేసి వచ్చినవారికి అది మేలు చేయదు.

9.8 మీరేం నేర్చుకున్నారు?

• మల్బరీ, ఫాల్సా, నేరేడు పండ్లతో ఇంట్లోనే తక్కువ ఖర్చుతో పానీయం చేయవచ్చు.
• పుదీనాను నలపాలి, నూరరాదు. అది చల్లదనాన్ని అనిపింపజేస్తుంది, ఒంటి వేడిని తగ్గించదు.
• నీరు కాచాలి. ఐసు ఇంట్లో చేసుకోవాలి.
• ఎక్కువ చెమట పోసినవారికి ఉప్పు కూడా అవసరం. వడదెబ్బ తగిలినవారికి వైద్యం అవసరం.

9.9 పాఠాంత ప్రశ్నలు

1. మీ ఊరిలో వేసవిలో దొరికే రెండు పండ్లను ఎంచుకొని, వాటితో పానీయం తయారుచేసే విధానాన్ని రాయండి.
2. "నోరు చల్లబడినంత మాత్రాన ఒళ్లు చల్లబడినట్లు కాదు." వివరించండి.
3. ఇంటికి వచ్చిన వ్యక్తికి షర్బత్ ఇవ్వాలా, ఉప్పు–చక్కెర ద్రావణం ఇవ్వాలా, వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలా అన్నది ఏ లక్షణాలనుబట్టి నిర్ణయిస్తారు?
4. అత్తాకోడళ్ల సంభాషణను పూర్తిచేయండి. కోడలు అత్తగారికి ఏమని జవాబు చెప్పి ఉంటుంది?

9.10 పాఠ్యాంతర్గత ప్రశ్నల జవాబులు

9.1
1. నూరితే పసరు దిగి చేదు వస్తుంది, రంగు నల్లబడుతుంది.
2. రసంలోని ఆంథోసయనిన్లు పులుపు తగిలితే ఎర్రబడతాయి.

9.2
1. తప్పు.
2. చల్లని రసంలో నేరుగా వేస్తే చక్కెర కరగక అడుగున మిగిలిపోతుంది.