ఒంటిచేతి సంసారము - ఊరి బాధ్యత
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

"ఇంట గెలిచి రచ్చ గెలువుము" అని పెద్దల మాట. ముందు ఇల్లు చక్కబెట్టుకొని పిమ్మట ఊరి పనులకు పూనుకొనుమని దాని తాత్పర్యము. ఇంటిలో ఇద్దరు పెద్దలున్నవారికి ఈ వరుస చక్కగా సరిపోవును. ఒకరు పొలమునకో సభకో పోయినచో రెండవవారు పొయ్యిని, పిల్లలను కనిపెట్టుకొనియుందురు. కాని ఇంటికి తానొక్కతెయే దిక్కైన తల్లికి ఈ వరుస చెల్లదు. బిడ్డల పెంపకము, కూలిపని, ఊరి పని - ఈ మూడింటిని ఆమె ఒక్క దినముననే, ఆ రెండు చేతులతోనే నెట్టుకొని రావలెను. అట్టి తల్లులు మన పంచాయతీలకు సభ్యులుగను, సర్పంచులుగను ఎన్నికై వచ్చుచున్నారు. పొదుపు సంఘములను నడుపుచున్నారు. వారి విషయమున పంచాయతీకి గల బాధ్యత యేమి? సభ్యులారా, ఈ నెల మనము నేర్చుకొనదగిన పాఠము ఇదియే.

ఈ తల్లులు ఎవరు?

శ్రీకాకుళము జిల్లాలో ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల ప్రాంతమును ఉద్దానమందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కనులకు చల్లగానుండు సీమ ఇది. ఇట్టి చోట అనేక సంవత్సరములుగా మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్నది. 1990వ దశకము నుండియు వైద్యులు దీనిని గమనించుచున్నారు. కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. తోటలలో, పొలములలో కష్టపడువారే ఎక్కువగా దీని వాత బడుచున్నారు. సంపాదించు వయసులోనున్న భర్త మంచమెక్కినప్పటినుండియే భార్య ఒంటరి సంసారము మొదలగును. ఆతడు పోయిన తరువాత మిగులునవి బిడ్డలు, వైద్యమునకై చేసిన అప్పు.

దీనికి తోడు 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ ప్రాంతముననే తీరము దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చెను. కొబ్బరిచెట్టు మరల నాటినచో కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. బిడ్డ ఆకలి అన్నినాళ్ళు ఆగునా?

తీరగ్రామములలో మరియొక విధమైన ఒంటరితనము గలదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు అనేకులు గుజరాతు రేవులకు వలసపోయి వేట చేయుదురు. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కిరి. 2020 జనవరిలోగాని వారు విడుదలై రాలేదు. ఆ పదునాలుగు నెలలు వారి ఇండ్లను నడిపినది వారి భార్యలే. భర్త విడిచిపెట్టినవారు, తాగుడు బాధ పడలేక వేరుగ నున్నవారు, వలసపోయిన భర్త జాడ తెలియనివారు కూడ ఈ లెక్కలోనివారే. కాబట్టి ఒంటరి తల్లి యనగా వితంతువు మాత్రమే యని తలంపరాదు.

ఒక సభ్యురాలి దినము

పలాస పరిసర గ్రామములలో పర్యటించునప్పుడు మేము ఒక వార్డు సభ్యురాలిని కలిసికొంటిమి. ఆమె పేరుతో మనకు పనిలేదు. అట్టివారు ఆ ప్రాంతమున ఇంకను గలరు. భర్త మూత్రపిండముల వ్యాధితో మరణించెను. పెద్దది పండ్రెండేండ్ల బాలిక, చిన్నవాడు నాలుగేండ్ల బాలుడు. ఆమె తెల్లవారక మునుపే లేచి నీళ్ళు తెచ్చి, వంట ముగించి, పిల్లవానిని అంగన్‌వాడీకి పంపి, జీడిపిక్కల పనికి పోవును. పిక్క పెంకులోని జీడి చేతులకు తగిలినచో చర్మము కాలి పొక్కును. బూడిదయో నూనెయో రాచుకొని పని చేయుదురు. పప్పు విరిగి బద్ద అయినచో ధర తగ్గును. గుండుగా తీసిననే విలువ. కూలి తూకము మీద ఇత్తురు. అనగా పూట మానినచో పూట కూలి పోయినట్లే. సాయంకాలము ఇల్లు చేరి, మరల వంట, పిల్లల చదువు, ఆపై పొదుపు సంఘము లెక్కలు.

ఈమె వార్డులో ముగ్గురు రోగులు రక్తశుద్ధి చికిత్సకై వారమునకు రెండు మూడు పర్యాయములు ఆసుపత్రికి పోవుచుండిరి. ఆ వీధిలో మంచినీటి కొళాయి వేయించుటయే తన మొదటి పనియని ఆమె ఓటర్లకు మాట యిచ్చెను. అంతలో పంచాయతీకి కొళాయిలు మంజూరయ్యెను. ఎక్కడెక్కడ వేయవలెనో నిర్ణయించు సమావేశమును పగలు పదునొకండు గంటలకు పెట్టిరి. కబురు ఆ ఉదయముననే వచ్చినది. అప్పటికే ఆమె పనిలోనున్నది. సాయంకాలము తీర్మానముల పుస్తకమును ఇంటికి పంపిరి. అందరు సంతకములు చేసియుండుట చూచి ఆమెయు సంతకము చేసెను. పది దినముల తరువాత కొళాయి వేరొక వీధి చివర వెలసినది. ఎవరికిని దురుద్దేశము లేదు. ఆ వీధి మాట చెప్పువారు సభలో లేకపోయిరి, అంతియే.

"సమావేశానికి రాకూడదని కాదు బాబూ," అని ఆమె మాతో ననెను. "వస్తే ఆ పూట కూలి పోతాది. రాకపోతే మా వీధి మాట పోతాది. రెండిట్లో ఏది పోగొట్టుకోమంటారు?"

మేము వెంటనే బదులు చెప్పజాలకపోతిమి. ఆమె మరియొక సంగతి కూడ చెప్పెను. శిక్షణ తరగతులకై మండల కేంద్రమునకు పోయిన దినములలో ఆమె రాత్రికిగాని ఇల్లు చేరదు. అంగన్‌వాడీ సాయంకాలము వరకే. ఆ దినములలో పెద్దపిల్ల బడి మాని తమ్ముని చూచుకొనుచుండెను. ఆ యేడు ఆ బాలిక బడి మానిన దినములు అధికముగ తల్లి ఊరి పనికి పోయిన దినములే. ఊరి సేవకు వెల ఒక ఆడపిల్ల చదువు కావలసినదేనా? ఈ ప్రశ్న ప్రతి సభ్యుడును తన్ను తాను వేసికొనవలెను.

సభ్యత్వమనగా సంతకము కాదు

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము పంచాయతీరాజ్య వ్యవస్థను సూచించినప్పుడు, స్త్రీ శిశు సంక్షేమమున ఆసక్తిగల ఇద్దరు స్త్రీలను సమితిలో చేర్చుకొనుమని మాత్రమే చెప్పెను. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మూడవ వంతునకు తక్కువకాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించెను. మన రాష్ట్రమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును 2011లో సవరించి ఆ భాగమును సగమునకు పెంచిరి. పిలిచి కూర్చుండబెట్టిన ఇద్దరి స్థితి నుండి సగము పీఠములకు స్త్రీలు వచ్చిరి.

పీఠము చట్టము ఇచ్చినది. పీఠము మీద కూర్చుండు తీరిక ఎవరు ఇత్తురు? అది పంచాయతీ చేతిలోనే యున్నది. సభ్యురాలు రాలేని వేళ సమావేశము పెట్టి, పుస్తకము ఇంటికి పంపి సంతకము తెప్పించుట ఆమెకు సాయము చేయుట కాదు; ఆమె వార్డు నోరు మూయుట. దీర్ఘకాలము సమావేశములకు హాజరు కానిచో సభ్యత్వమే పోవు నిబంధన గలదనుట కూడ మరువరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఈ క్రింది పనులలో మొదటి మూడింటికి పైకము అక్కరలేదు, మనసు చాలును.

1. వేళ: సమావేశపు వేళను సభ్యులందరిని అడిగి నిర్ణయింపుడు. కూలి ముగిసిన పిమ్మట సాయంకాలమైనచో ఒంటరి తల్లికే గాక కూలి చేయు పురుష సభ్యులకును అనుకూలము. దీపమున్నచోట, ఇండ్ల నడుమ సమావేశము జరుపుడు.

2. కబురు: చర్చనీయాంశములను కొన్ని దినములు ముందుగ, చదివి వినిపించి తెలుపుడు. అప్పుడు ఆమె తన వీధివారిని విచారించి రాగలదు.

3. బిడ్డలు: పిల్లవానిని సభకు తెచ్చుకొనినచో చిన్నచూపు చూడరాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోట ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురు చేరినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని విధించియుండెను. మట్టిపని చోట సాధ్యమని తలచినది సభ జరుగు చోట అసాధ్యమగునా? శిక్షణ దినములలో పిల్లలను చూచు భారము పొదుపు సంఘము సభ్యులు వంతులవారీగ తీసికొనవచ్చును.

4. కాగితములు: ఇంటి యజమాని మరణించినచో 21 దినములలోపల మరణమును నమోదు చేయించినచో రుసుము లేదు. ఆలస్యమైనకొలది రుసుము, పై అధికారుల అనుమతి అవసరమగును. ధ్రువపత్రము లేనిదే పింఛను, బ్యాంకు, భూమి పత్రముల పనులు సాగవు. దుఃఖములోనున్న స్త్రీ ఈ తేదీలను గుర్తుంచుకొనలేదు. వార్డు సభ్యుడు గుర్తుంచుకొనవలెను. వితంతువులకు, ఒంటరి స్త్రీలకు ఇచ్చు పింఛనును 2024 ఏప్రిల్ నుండి వర్తించునట్లు నెలకు 4,000 రూపాయలు చేసిరి. అర్హులెవరు మిగిలియున్నారో గ్రామసభలో చదివి చూడుడు.

5. హక్కులు: 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన భర్త ఆస్తిలో భార్యకు బిడ్డలతోను, ఆతని తల్లితోను సమానమైన భాగము గలదు. విడిచిపెట్టిన భర్తనుండి మనోవర్తి కోరు హక్కు ఇదివరకు క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనులో నుండెను; 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనులో నున్నది. తండ్రి బ్రతికియున్నను బిడ్డ బాగోగులు చూడనిచో తల్లి సంరక్షకురాలుగ వ్యవహరింపవచ్చునని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1987 నాటి చట్టము స్త్రీలకు, వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు నిచ్చినది. ఈ సంగతులను పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

సేవ పేరిట బరువు పెంచరాదు

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చురుకైన స్త్రీ కనబడినచో ఊరిలోని పనులన్నియు ఆమె మీదనే వేయుట మనకు అలవాటు. పొదుపు సంఘము ఆమెదే, బడి సంఘము ఆమెదే, పారిశుధ్యము ఆమెదే. రెండేండ్లు తిరుగకముందే ఆమె విసిగి అన్నింటిని విడిచిపెట్టును. "ఆడవారు నిలువలేరు" అని అప్పుడు మనమే అందుము. ఒక్కొక్కరికి ఒక్క బాధ్యత, దానికొక గడువు, తోడుగ మరియొకరు - ఈ పద్ధతి మేలు. "ఈ నెల నావల్ల కాదు" అని చెప్పు హక్కు ఆమెకు గలదని సభ యెరుగవలెను.

ఆమె తెచ్చు బలమును కూడ తక్కువగా నెంచరాదు. 2000వ సంవత్సరమున ఆరంభమైన వెలుగు పథకము మొదట చేపట్టిన జిల్లాలలో శ్రీకాకుళము, విజయనగరము గలవు. ఇరువదియైదు సంవత్సరములుగా మన స్త్రీలు అప్పు పుస్తకము, వాయిదా, వడ్డీ లెక్క చేతులతో వ్రాసి నేర్చిరి. రూపాయిని నాలుగు అవసరములకు పంచుట ఒంటరి తల్లికి ఎవరును నేర్పనక్కరలేదు. పంచాయతీ ఆదాయవ్యయముల పట్టిక చూచుటకు ఇంతకంటె తగిన కన్నులెక్కడ దొరకును?

తరువాత ఏమి జరిగినది?

ఆ ఊరి పంచాయతీవారు తరువాతి సమావేశమును సాయంకాలము ఆరు గంటలకు మార్చిరి. ఈ మార్పు కోరినది ఆమె కాదు. పొరుగు వార్డు సభ్యుడైన ఒక పెద్దాయన. ఆమె వీధిలోని ఇండ్లెన్ని, దూరమునుండి నీరు మోయు ముసలివారెందరు, చికిత్సకు పోవువారెందరు అని చిన్న కాగితము మీద వ్రాసికొని వచ్చి చదివెను. చదువుటకు రెండు నిమిషములు పట్టలేదు. గొట్టమును పొడిగించి ఆ వీధికి కొళాయి వేయుటకు సభ ఏకగ్రీవముగ తీర్మానించినది. శిక్షణ దినములలో చిన్నవానిని చూచుకొందుమని సంఘములోని ఇద్దరు స్త్రీలు ముందుకు వచ్చిరి. పెద్దపిల్ల బడి మానుట మానినది.

కొళాయి వచ్చినది, కాని నాలుగు నెలలు ఆలస్యముగ వచ్చినది. ఆ నాలుగు నెలలు ఆ వీధివారు మోసిన బిందెల లెక్క ఏ పుస్తకములోను లేదు. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పెద్ద పథకము ఆరంభమైనది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండముల పరిశోధనా కేంద్రము వెలసినవి. అవి ప్రభుత్వము చేయు పనులు. వచ్చిన నీరు ఏ వీధికి ముందు చేరవలెనో చెప్పునది గ్రామసభ. ఆ సభలో ఒక పీఠము ఖాళీగానున్నచో దానికి కారణము విచారించుట తక్కినవారి విధి. ఇంటను రచ్చను ఒంటిచేత నెట్టుకొని వచ్చుచున్న తల్లికి సభలో ఒక చేయి తోడైనచో ఊరే గెలుచును.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన పంచాయతీ గత మూడు సమావేశములు ఏ వేళ జరిగినవి? ఎవరు రాలేదు? ఎందుచేత?
2. తీర్మానముల పుస్తకము ఇంటికి పోయి సంతకము తెచ్చిన సందర్భములు గలవా?
3. మన ఊరిలో ఒంటిచేత సంసారము నడుపు తల్లులెందరు? వారిలో పింఛను, మరణ ధ్రువపత్రము, భూమి హక్కు రానివారెవరు?
4. సభ్యురాలు ఊరి పనిమీద పోయిన దినమున ఆమె బిడ్డలు ఎవరివద్ద నుందురు?