చెరువులో ఈత – మనం నేర్వవలసిన పాఠం


బతుకమ్మ, దసరా సెలవులకు మనమంతా తండాలకు, గూడేలకు పోతాం. అప్పటికి వానలు పడి చెరువులు నిండి ఉంటాయి. ఊరికి పోగానే అందరికీ ఈత గుర్తొస్తుంది. ఈత మంచి వ్యాయామం, ప్రాణం కాపాడే విద్య. కాని చెరువు సంగతి తెలిసి దిగాలి.

చెరువు అడుగు ఎట్లుంటది?
లక్నవరం, పాకాల చెరువులు 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టినవి. అడవి గుట్టల మధ్య కట్ట వేసి నీళ్లు ఆపారు. అందుకే అడుగు చదునుగా ఉండదు. నాలుగు అడుగుల దాక మోకాలి లోతుంటే, ఐదో అడుగుకు తల మునగవచ్చు. పాకాలలో మొసళ్లు కూడా ఉన్నాయి, అక్కడ దిగనే రాదు.
మన చేర్యాల వైపు చెరువుల్లోనూ జాగ్రత్త అవసరమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల్లో పూడిక తీశారు. మట్టి, మొరం తవ్విన చోట గుంతలుంటాయి. నీళ్లు నిండినంక అవి పైకి కనపడవు.

దిగే ముందు:
1. ఒంటరిగా పోవద్దు. ఇంట్లో చెప్పాలి. ఈత వచ్చిన పెద్దలు గట్టున ఉండాలి.
2. తూము దగ్గర, మత్తడి దగ్గర దిగవద్దు. తూము తెరిచి ఉంటే నీళ్లు లోపలికి గుంజుతాయి.
3. కట్ట మీది నుంచి, బండ మీది నుంచి దుంకవద్దు. కట్టెతో లోతు చూస్తూ మెల్లగా దిగాలి.
4. తామర తీగలు కాళ్లకు చుట్టుకుంటే తన్నుకోవద్దు. వెల్లకిల తేలి నిదానంగా విడిపించుకోవాలి.
5. నేర్చుకునేవారు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకున్నా సరే, నడుము లోతు దాటవద్దు.

ఒకరు మునిగితే ఏం చేయాలి?
అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2025 జనవరి 11న మన సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో ఐదుగురు యువకులు చనిపోయారు. లోతులో చిక్కినవారిని కాపాడబోయి మిగతావారూ మునిగారని పత్రికలు రాశాయి.
2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్టలో నలుగురు యువకులు మునుగుతుంటే, ముగ్గురు మహిళలు తమ ఒంటి మీది చీరలు విప్పి నీళ్లలోకి విసిరారు. అవి పట్టుకొని ఇద్దరు బతికారు. మిగతా ఇద్దరు దక్కలేదు.
మునిగే మనిషి చేతికి అందినదాన్ని వదలడు. మనం అందితే మనల్నే కిందికి గుంజుతాడు. అందుకే దగ్గరికి పోవద్దు. ముందు కేక వేయాలి. గట్టున బోర్లా పడుకొని కట్టె, చున్నీ, తువ్వాల అందియ్యాలి. దూరముంటే మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి.
బయటికి తీసినంక కాళ్లు పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం తప్పు. వెంటనే 108కి ఫోన్ చేయించాలి. ఊపిరి లేకుంటే, నేర్చుకున్నవారు నోటితో ఊపిరి ఊది, ఛాతీ నడుమ నొక్కుతూ ఉండాలి. ఈ పద్ధతిని సెలవులకు ముందే మనకు చేసి చూపించాలని వార్డెన్ సార్లను కోరుతున్నాం.

ప్రశ్నలు:
1. పూడిక తీసిన చెరువు ఎందుకు ప్రమాదం?
2. మీ ఊరి చెరువుకు తూము, మత్తడి ఎక్కడున్నాయి? పటం గీయండి.

దుంకకు – కేక వెయ్యి – కట్టె అందియ్యి!